రేవుల్లో నీటి కింది కట్టడాలు: హక్కు, మరమ్మతు
నరసరావుపేట స్మారక ఉపన్యాస పాఠం

1. నీటి కింద ఏముంటుంది

ఓడరేవులో పైకి కనబడేది కొంతే. క్రేన్లు, గోదాములు, రైలు పట్టాలు, బొగ్గు గుట్టలు, ఇనుప ఖనిజం కుప్పలు అందరి కంటా పడతాయి. వాటికి ఆధారమైనవి మాత్రం నీటి కిందే ఉంటాయి. బెర్తును మోసే పైల్స్, ఒడ్డు జారిపోకుండా నిలిపే షీట్ పైల్ గోడలు, అలల జోరును విరిచే బ్రేక్‌వాటర్ల అడుగు రాళ్లు, బోయాలను పట్టి ఉంచే దిమ్మెలు, గొలుసులు, చమురు తోడే పైపులైన్లు, సమాచారం మోసే కేబుళ్లు, ఓడ నడవడానికి తవ్విన ఛానెల్ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఛానెల్ కట్టిన వస్తువు కాదు, తవ్విన గుంట. అయినా దానికీ కొలతలుంటాయి, వాలు ఉంటుంది, ఏటా ఖర్చు ఉంటుంది. అందుకే రేవు లెక్కల్లో అదీ ఆస్తే.

ఈ కట్టడాల విషయంలో మూడు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. అడుగున ఉన్న నేల ఎవరిది? దాని మీద కట్టింది ఎవరిది? చెడిపోతే బాగుచేయవలసింది ఎవరు? ఒడ్డున ఉన్న ఇంటి విషయంలో ఈ మూడింటికీ చాలాసార్లు ఒకటే జవాబు వస్తుంది. సముద్రంలో మూడు జవాబులూ మూడు చోట్లకు పోతాయి. నేల కేంద్రానిది కావచ్చు, కట్టడం రేవు సంస్థది కావచ్చు, మరమ్మతు ముప్పై ఏళ్ల ఒప్పందం మీద వచ్చిన కంపెనీది కావచ్చు. ఒప్పందపు కాగితంలో ఈ మూడింటినీ స్పష్టంగా విడదీసి రాయకపోతే, పైకి కనబడని భాగం ఎవరికీ పట్టని భాగంగా మిగిలిపోతుంది.

నరసరావుపేట ఉన్న పల్నాడుకు సముద్రం లేదు. కానీ పిడుగురాళ్ల నుంచి నరసరావుపేట, చిలకలూరిపేట, చీరాల మీదుగా వెళ్లే 167ఎ జాతీయ రహదారి వాడరేవు దగ్గర సముద్రపు ఒడ్డునే ముగుస్తుంది. ఇక్కడి మిర్చి, పత్తి విదేశాలకు చేరాలంటే ఏదో ఒక రేవు దాటాలి. మాచర్ల, పిడుగురాళ్ల ప్రాంతపు సున్నపురాయి నుంచే సిమెంటు తయారవుతుంది, రేవు కట్టడానికి సిమెంటే ప్రాణం. అందువల్ల రేవు అడుగు గట్టిగా ఉందా లేదా అన్నది ఒడ్డున ఉన్నవాళ్లకే పరిమితమైన ప్రశ్న కాదు.

2. మోటుపల్లి శాసనం

సముద్రంలో మునిగినదాని మీద, ఒడ్డుకు కొట్టుకొచ్చినదాని మీద హక్కు ఎవరిదన్న ప్రశ్నకు తెలుగునాట రాతి మీద చెక్కిన జవాబు ఒకటి ఉంది. చీరాలకు దగ్గరలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే 1244-45లో, వేయించిన అభయ శాసనం అది. ఒక దేశం నుంచి మరో దేశానికి పోతూ తుఫాను తాకిడికి దెబ్బతిని తీరానికి చేరిన ఓడల్లోని సరుకంతా పాత రాజులు బలవంతంగా లాక్కునేవారని శాసనం చెబుతుంది. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని విడిచిపెట్టాడు. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రయానానికి తెగించిన వర్తకుల మీద దయతో, నిర్ణీత సుంకం తప్ప తక్కినదంతా వారికే వదిలేస్తున్నానని ప్రకటించాడు. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు.

ఈ శాసనంలో న్యాయం దృష్ట్యా ముఖ్యమైన మాట ఒకటుంది. ఓడ చెడినంత మాత్రాన యజమాని హక్కు పోదు. రాజుకు దక్కేది పన్ను మాత్రమే, సరుకు కాదు. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి కూడా మోటుపల్లిలో శాసనం వేయించి వర్తకులకు రాయితీలు ప్రకటించాడు. ప్రమాదం జరిగినంత మాత్రాన ఆస్తి చేతులు మారదన్నది నేటి నౌకా చట్టాల్లోనూ ఆధార సూత్రమే.

మోటుపల్లి శాసనం చెప్పని సంగతి మరమ్మతు. పాత రేవులకు కట్టడాలు తక్కువ. ఓడ దూరంగా లంగరు వేస్తే పడవల్లో సరుకు ఒడ్డుకు చేర్చేవారు. నది మేట వేస్తే రేవే చోటు మార్చుకునేది. గోదావరి పాయల దగ్గర కోరంగి పూడిపోతే వర్తకం కాకినాడకు తరలింది. రాయి, ఇనుము, కాంక్రీటు నీటిలోకి దిగాకే మరమ్మతు ఎవరిదన్న ప్రశ్న పుట్టింది.

3. విశాఖపట్నం: ఒక రేవు, రెండు రకాల నేల

ఆంధ్ర తీరంలో ఆ ప్రశ్న పూర్తి రూపం దాల్చింది విశాఖపట్నంలో. డాల్ఫిన్ నోస్ కొండ పక్కన మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట ఉన్న చిత్తడి నేలను తవ్వి లోపలి రేవును చేశారు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఆధ్వర్యంలో పని సాగింది. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటిసారి లోపలికి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. ప్రవేశ మార్గాన్ని అలల నుంచి, ఇసుక నుంచి కాపాడటానికి రెండు పాత ఓడలను కావాలనే ముంచి బ్రేక్‌వాటర్‌గా వాడుకున్నారు. ఓడ అడ్డుగోడ అయిపోయింది. చరాస్తి స్థిరాస్తి కావడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అరుదు. జపాన్‌కు ఇనుప ఖనిజం పంపే పెద్ద ఓడలకు లోపలి రేవు చాలక, బయట సముద్రంలో బ్రేక్‌వాటర్లు కట్టి 1976లో ఔటర్ హార్బర్‌ను తెరిచారు.

దీంతో ఒకే రేవులో రెండు రకాల నేలలు వచ్చాయి. లోపలి రేవు భూభాగంలోకి చొచ్చుకొచ్చిన నీరు. ఔటర్ హార్బర్ సముద్రంలోకి చొచ్చుకెళ్లిన కట్టడం. చట్టం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టదు.

4. అడుగు నేల ఎవరిది

రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం ప్రాదేశిక జలాల అడుగున ఉన్న నేల, ఖనిజాలు, ఇతర విలువైన వస్తువులు కేంద్ర ప్రభుత్వానికి చెందుతాయి. 1963, 1976 సవరణలతో ఈ హక్కు ఖండ తీరపు మెట్టకు, ప్రత్యేక ఆర్థిక మండలానికి కూడా విస్తరించింది. 1976 నాటి సముద్ర మండలాల చట్టం ప్రాదేశిక జలాలను ఆధార రేఖ నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా, ఆర్థిక మండలాన్ని 200 నాటికల్ మైళ్ల దాకా నిర్ణయించింది. ఆధార రేఖకు లోపలి వైపున్న ఉప్పుటేర్లు, నదీముఖాలు, రేవు మడుగులు ప్రాదేశిక జలాలు కావు, అంతర్గత జలాలు. అక్కడ నేల హక్కు భూమి రికార్డులను బట్టి, భూసేకరణను బట్టి తేలుతుంది.

నేల హక్కు ఒకటి, రేవు మీద అధికారం మరొకటి. ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 27వ పద్దు ప్రధాన రేవులను కేంద్రానికి అప్పగించింది. మిగతా రేవులు ఉమ్మడి జాబితా 31వ పద్దులోకి వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం ఒక్కటే ప్రధాన రేవు. కాకినాడ, గంగవరం, కృష్ణపట్నం, కొత్తగా కడుతున్న మచిలీపట్నం, రామాయపట్నం, మూలపేట రేవులు రాష్ట్ర పరిధిలోవి. వాటి కోసం 2018లో రాష్ట్రం మారిటైమ్ బోర్డు చట్టం చేసింది. ఈ రేవుల ఎదుట ఉన్న సముద్రగర్భం 297వ అధికరణం కిందికి వచ్చినా, అక్కడ రేవు నడిపే అధికారం రాష్ట్రం ఇస్తుంది. నేల మీద పేరు ఒకరిది, దాని మీద పనికి అనుమతి మరొకరిది.

రేవు హద్దు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నది ఇంకో మెట్టు. 1908 నాటి భారత రేవుల చట్టం ప్రభుత్వానికి హద్దులు ప్రకటించే అధికారం ఇచ్చింది. ఓడలు వచ్చే నీటి దారులు, ప్రజోపయోగం కోసం కట్టిన ధక్కాలు, పోటు గరిష్ఠ రేఖ నుంచి 50 గజాల లోపలి ఒడ్డు ఈ హద్దుల్లో ఉండవచ్చు. కానీ ఒడ్డు విషయంలో ప్రైవేటు ఆస్తి హక్కులకు భంగం రాకూడదని ఆ చట్టమే చెప్పింది. అంటే హద్దు గీయడం పాలనాధికారాన్ని ఇస్తుంది, యాజమాన్యాన్ని మార్చదు. 1908 చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త భారత రేవుల చట్టం తెచ్చింది. రాష్ట్ర మారిటైమ్ బోర్డులకు చట్టబద్ధ స్థానం, వివాదాల పరిష్కారానికి ఏర్పాటు అందులో ఉన్నాయి.

ఇతర దేశాల్లో ఈ పంపకం వేరుగా ఉంది. ఇంగ్లండు, వేల్స్, ఉత్తర ఐర్లండు చుట్టూ 12 మైళ్ల దాకా సముద్రగర్భం దాదాపు అంతా క్రౌన్ ఎస్టేట్ సంస్థ చేతిలో ఉంది. అక్కడ పైపు వేసినా, జెట్టీ కట్టినా ఆ సంస్థ నుంచి లీజు తీసుకోవాలి. అమెరికాలో 1953 నాటి చట్టం తీరం నుంచి సాధారణంగా మూడు మైళ్ల దాకా అడుగు నేలను తీర రాష్ట్రాలకే ఇచ్చింది. భారతదేశంలో ఆ నేల కేంద్రానిది, చిన్న రేవుల పాలన రాష్ట్రాలది. అందువల్ల ఇక్కడ ఒప్పందపు కాగితం మీద పడే భారం ఎక్కువ.

5. కట్టడం ఎవరిది

నేల ఎవరిదో దాని మీది కట్టడమూ వారిదే అన్నది ఇంగ్లండు న్యాయంలో పాత సూత్రం. భారతదేశంలో న్యాయస్థానాలు దాన్ని యథాతథంగా తీసుకోలేదు. ఇక్కడ నేల ఒకరిది, దాని మీది కట్టడం ఇంకొకరిది కావచ్చు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ దీనికి దారి చూపుతుంది. వేరే ఒప్పందం లేకపోతే, లీజుదారు తాను నేలకు బిగించిన వాటిని స్వాధీనం తన చేతిలో ఉన్నంత వరకు తీసుకుపోవచ్చు, నేలను మాత్రం తనకు అప్పగించినప్పటి స్థితిలో ఉంచాలి. అప్పగించిన ఆస్తిని మంచి స్థితిలో నిలిపే బాధ్యత కూడా అతనిదే. అదే ఏడాది వచ్చిన ఈజ్‌మెంట్ల చట్టం 60వ సెక్షన్ మరో రక్షణ ఇచ్చింది. అనుమతి పొందిన వ్యక్తి ఆ అనుమతి మీద ఆధారపడి, సొంత ఖర్చుతో శాశ్వత కట్టడం కడితే, ఇచ్చినవారు అనుమతిని ఇష్టం వచ్చినప్పుడు రద్దు చేయలేరు.

ఇవి సాధారణ నియమాలు. ప్రధాన రేవుల్లో ప్రత్యేక చట్టం వీటి మీద ఉంటుంది. 1963 నాటి మేజర్ పోర్ట్ ట్రస్టుల చట్టం కింద 1964లో విశాఖ ఆస్తులన్నీ పోర్ట్ ట్రస్టు బోర్డుకు దఖలు పడ్డాయి. బోర్డు రాతపూర్వక అనుమతి లేనిదే రేవు హద్దుల్లో ఎవరూ ధక్కా, జెట్టీ, లంగరు దిమ్మె ఏదీ పెట్టరాదని ఆ చట్టం చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2021 మేజర్ పోర్ట్ అథారిటీల చట్టం ఆ ఏడాది నవంబరు 3న అమల్లోకి వచ్చి, ట్రస్టును అథారిటీగా మార్చింది. ఆస్తులు కొత్త బోర్డుకు వచ్చాయి.

1990ల నుంచి రేవుల్లో ప్రైవేటు పెట్టుబడి పెరిగాక యాజమాన్యం కాలానికి ముడిపడింది. కంపెనీ కట్టి, నిర్ణీత కాలం నడిపి, గడువు తీరాక అప్పగించే పద్ధతి అది. 2003 నుంచి నడుస్తున్న విశాఖ కంటైనర్ టెర్మినల్ ఈ దారిలో వచ్చిందే. రాష్ట్రం కట్టి 1997లో ప్రారంభించిన కాకినాడ డీప్ వాటర్ పోర్టు నిర్వహణ 1999లో ప్రైవేటు చేతికి వెళ్లింది. కృష్ణపట్నంలో 2008లో, గంగవరంలో 2009లో కార్యకలాపాలు మొదలయ్యాయి. ఆ రెండు రేవుల కంపెనీలూ తరువాత అదానీ సంస్థ చేతికి వచ్చాయి. కంపెనీ వాటాలు చేతులు మారినా రాష్ట్రంతో కుదిరిన కన్సెషన్ ఒప్పందం అలాగే ఉంటుంది. పైల్స్ మీద హక్కూ, వాటిని కాపాడే బాధ్యతా ఆ ఒప్పందంతోనే కొత్త చేతుల్లోకి పోతాయి.

ఈ పద్ధతిలో పని విభజన సాధారణంగా ఇలా ఉంటుంది. బ్రేక్‌వాటర్లు, ప్రధాన ఛానెల్, ఓడ తిరిగే మలుపు చోటు రేవు సంస్థ చూసుకుంటుంది. బెర్తు, దాని పైల్స్, రబ్బరు ఫెండర్లు, పై పరికరాలు కంపెనీ చూసుకుంటుంది. చిక్కు వచ్చేది మధ్యలో. బెర్తు ముందు ఓడ ఆగే గుంటలో పూడిక ఎవరు తీయాలి? అక్కడ ఎక్కువ లోతు తవ్వితే పైల్స్ చుట్టూ మట్టి జారుతుంది. తవ్వింది ఒకరు, నష్టపోయింది మరొకరు అవుతుంది. ఈ గుంట ఎవరిదో, ఎంత లోతు వరకు తవ్వవచ్చో, ఏ గీత దగ్గర ఒకరి పని ఆగి మరొకరి పని మొదలవుతుందో పటంలో కొలతలతో చూపకపోతే వివాదం తప్పదు.

సముద్రం అడుగున నడిచే పైపులు, కేబుళ్లది వేరే సంగతి. వాటి యజమాని దాదాపు ఎప్పుడూ రేవు సంస్థ కాదు. చమురు కంపెనీయో, టెలికాం సంస్థో అయి ఉంటుంది. రేవు ఇచ్చేది దారి హక్కు. ఓడ లంగరు లాగి కేబుల్ తెంపితే నష్టపరిహారం అడగవలసింది కేబుల్ యజమాని. కేబుల్ ఎక్కడ ఉందో పటంలో గుర్తించి, అక్కడ లంగరు వేయరాదని నిషేధించవలసింది రేవు. రెండో పని జరగకపోతే మొదటి హక్కు కోర్టులో బలహీనపడుతుంది. 2025 అక్టోబరులో విశాఖకు ప్రకటించిన గూగుల్ డేటా కేంద్రంతో పాటు సముద్రగర్భ కేబుళ్ల ముఖద్వారం కూడా రానున్నందున ఈ తీరంలో ఆ పటాల అవసరం మరింత పెరుగుతుంది.

6. మునిగిన ఓడ

కట్టకుండానే నీటి కింద చేరే వస్తువు మునిగిన ఓడ. దాని మీద యజమాని హక్కు నిలిచే ఉంటుంది, దాన్ని తొలగించే బాధ్యతా అతని మెడకే చుట్టుకుంటుంది. 1908 చట్టం 14వ సెక్షన్ ప్రకారం, రేవులో మునిగి రాకపోకలకు అడ్డమైన ఓడను తీసివేయమని రేవు అధికారి అయిన కన్సర్వేటర్ యజమానికి నోటీసు ఇచ్చేవాడు. యజమాని కదలకపోతే తానే తీయించేవాడు, పేల్చివేయించేవాడు. ఆ ఖర్చు, దాని మీద మరో ఇరవై శాతం చెల్లించనివారి ఆస్తిని వేలం వేసే వీలుండేది. 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం ఒడ్డుకు చేరిన శిథిలాల మీద హక్కు చెప్పుకోవడానికి యజమానికి ఏడాది గడువు ఇచ్చింది. మోటుపల్లి శాసనపు స్ఫూర్తి ఇందులో స్పష్టంగా ఉంది.

రేవుకు వెలుపల మునిగిన ఓడల కోసం 2007లో నైరోబీలో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. భారతదేశం 2011లో అందులో చేరింది. 2015 ఏప్రిల్ 14న అది అమల్లోకి వచ్చింది. 300 టన్నులు, ఆపైన ఉన్న ఓడలకు శిథిల తొలగింపు బీమా తప్పనిసరి అన్నది దాని ప్రధాన నియమం. యజమాని చేతులెత్తేసినా బీమా సంస్థను నేరుగా అడగవచ్చు. 2025 నాటి కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టం ఈ నియమాలను దేశీయ చట్టంలోకి తెచ్చింది.

విశాఖ తీరంలో రెండు ఉదాహరణలున్నాయి. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ రేవుకు సమీపంలో మునిగింది. అది యుద్ధనౌక. యుద్ధనౌక మునిగినా జెండా దేశపు సొత్తుగానే ఉంటుందన్నది అంతర్జాతీయ న్యాయం. నైరోబీ ఒప్పందం యుద్ధనౌకలకు వర్తించదు. ఘాజీ ఇప్పటికీ అడుగునే ఉంది. రెండోది వ్యాపార నౌక. 2020 అక్టోబరులో వాయుగుండం వేళ లంగరు నిలవక, బంగ్లాదేశ్ ఓడ ఎం.వి. మా తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. నీళ్లలోకి తిరిగి లాగడం సాధ్యం కాక, చివరికి దాన్ని హోటల్‌గా మార్చాలని రాష్ట్ర పర్యాటక శాఖ తలపెట్టింది. ఎంత కాలం గడిచినా ఓడ నీటి దగ్గరే ఉంటుంది, తుప్పు మాత్రం ఆగదు. తొలగింపునకు గడువు పెట్టడంలోని అవసరం ఇందులో కనిపిస్తుంది.

ఇలాంటి ఖర్చుల బాకీ వసూలుకు చివరి ఆధారం ఓడను అరెస్టు చేయించడం. ఈ అధికారాన్ని భారతదేశంలో గట్టిగా నిలబెట్టిన తీర్పు ఆంధ్ర తీరం నుంచే వచ్చింది. మర్మగోవాలో ఎక్కించిన సరుకు వివాదంలో ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడ 1984లో విశాఖపట్నం వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని అరెస్టు చేయించింది. ఆ అధికారం హైకోర్టుకు ఉందని 1992లో సుప్రీంకోర్టు తేల్చింది. 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం రేవు బకాయిలను, శిథిలాల తొలగింపు ఖర్చులను ఓడ మీద క్లెయిమ్‌లుగా చేర్చింది. 2025 మేలో కేరళ తీరంలో ఎం.ఎస్.సి. ఎల్సా 3 కంటైనర్లతో సహా మునిగినప్పుడు కేరళ ప్రభుత్వం ఈ చట్టం కిందే హైకోర్టుకు వెళ్లింది. అదే సంస్థకు చెందిన మరో ఓడ అరెస్టయింది.

7. మరమ్మతు అంటే చేసే పని

నీటి కింద చెడు మూడు దారుల్లో వస్తుంది: తుప్పు, కోత, పూడిక.

తుప్పు అన్నిచోట్లా సమంగా ఉండదు. ఎప్పుడూ నీటిలో మునిగి ఉండే భాగానికి ఆక్సిజన్ తక్కువ అందుతుంది. ఎప్పుడూ తడవని భాగానికి ఉప్పునీరు అందదు. పోటుకూ పాటుకూ మధ్య, అల చిందే చోట, రెండూ కలిసి పైల్‌ను తింటాయి. విశాఖలో పోటు పాటుల తేడా రెండు మీటర్లకు మించదు. అంటే ప్రమాదం ఒక సన్నని పట్టీలో కేంద్రీకృతమై ఉంటుంది. ఉక్కు పైల్స్‌కు జింకు, అల్యూమినియం దిమ్మెలు కడతారు. ఉక్కుకు బదులు అవి కరుగుతాయి. అరిగాక మార్చాలి. కాంక్రీటులో ఉప్పు లోపలికి దిగి కమ్మీని చేరితే కమ్మీ ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది. అందుకే సముద్రపు నీటిలోని రీయిన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటుకు కనీసం ఎం30 గ్రేడు ఉండాలని ఐఎస్ 456 ప్రమాణం నిర్దేశిస్తుంది. స్లాగ్ కలిసిన సిమెంటు ఉప్పును బాగా ఆపుతుంది.

డైవర్ తనిఖీ చూస్తే పని ఎంత కష్టమో తెలుస్తుంది. రేవు నీరు చాలాసార్లు బురదగా ఉంటుంది. చేయి చాపితే వేళ్లు కనిపించవు. డైవర్ పైల్‌ను చేత్తో తడుముతూ కిందికి దిగుతాడు. గుల్లలు, నాచు దళసరిగా పట్టి ఉంటాయి. వాటి కింద పగులు ఉన్నా తెలియదు. అందుకే మొదట ఊరికే చూసి దిగడం, తరువాత కొన్ని పైల్స్ మీద అడుగు వెడల్పు పట్టీలు గీకి శుభ్రం చేసి చూడడం, చివరికి అనుమానం ఉన్న చోట అల్ట్రాసోనిక్ మీటరుతో లోహం మందం కొలవడం అనే మూడు అంచెల పద్ధతి పాటిస్తారు. పైల్ నంబరు, లోతు, మందం నమోదు కావాలి. ఇవాళ్టి అంకె ఒక్కటే చూస్తే పెద్దగా ఏమీ చెప్పదు. ఐదేళ్ల కిందటి అంకె పక్కన పెడితేనే తుప్పు వేగం తెలుస్తుంది. పాత రికార్డు లేని రేవులో ప్రతి తనిఖీ మళ్లీ మొదటి తనిఖీయే.

కోత పైల్స్ అడుగున, బ్రేక్‌వాటర్ పాదం దగ్గర జరుగుతుంది. ఓడ ప్రొపెల్లర్ నీటి ఒరవడి అడుగు మట్టిని ఎగజిమ్ముతుంది. తుఫాను అల బ్రేక్‌వాటర్ పాదపు రాళ్లను కదిలిస్తుంది. పైనున్న టెట్రాపాడ్లు అనే కాంక్రీటు దిమ్మెలు వెంటనే జారవు. పాదం పోయాక మరో తుఫానుకు జారతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినట్టు, తూర్పు తీరాన ఏ ఏడాదైనా తుఫాను రావచ్చు. అందువల్ల తుఫాను వెళ్లిన వెంటనే నీటి అడుగు సర్వే జరగాలి.

పూడిక ఆగని పని. తూర్పు తీరంలో అలలు ఇసుకను మార్చి నుంచి అక్టోబరు దాకా ఉత్తరానికి, తక్కిన నెలల్లో దక్షిణానికి తోసుకుపోతాయి. మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. బ్రేక్‌వాటర్ ఆ ఇసుకకు అడ్డుపడుతుంది. దక్షిణాన మేట పడుతుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖ రేవు ఆ మేటను తవ్వి ఆర్.కె. బీచ్ వైపు ఇసుకను పంపు చేస్తూ వస్తోంది. ఇక్కడ మరమ్మతు బాధ్యత కట్టడం దగ్గరే ఆగదు. కట్టడం వల్ల ఇసుక అందని ఒడ్డు కూడా దాని పరిధిలోకి వస్తుంది. విశాఖ కేంద్రంగా 1976లో ఏర్పడిన డ్రెడ్జింగ్ కార్పొరేషన్‌లో కేంద్రం వాటాను 2019లో నాలుగు ప్రధాన రేవులు కొన్నాయి. పూడిక తీసే పనిముట్టు రేవుల చేతికే వచ్చినట్టయింది.

8. బాధ్యతను కాగితం మీదికి తేవడం

నీటి కింది మరమ్మతు వాయిదా పడితే ఏమవుతుందో పల్నాడు దగ్గర నుంచి చూసింది. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున పులిచింతల ప్రాజెక్టు 16వ నంబరు గేటు వరదకు కొట్టుకుపోయింది. దాని చోట తాత్కాలిక అడ్డుగా స్టాప్‌లాగ్ దించాలంటే జలాశయంలో నీటిమట్టం తగ్గించక తప్పలేదు. నిల్వ చేసిన నీరు దిగువకు, అక్కడి నుంచి సముద్రానికి పోయింది. నీటి కట్టడాల్లో మరమ్మతు ఖర్చు కన్నా మరమ్మతు కోసం పనిని ఆపవలసి రావడమే పెద్ద నష్టం. రేవులోనూ అంతే. బెర్తు కింద పైల్స్ బాగుచేయాలంటే ఆ బెర్తు మీద ఓడ ఆగకూడదు.

హక్కు వివాదం మరమ్మతును ఎలా కమ్ముకుంటుందో నాగార్జునసాగర్ చూపింది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఒకే డ్యాముకు రెండు రాష్ట్రాలు వచ్చాయి. 2023 నవంబరు 30న వాటి మధ్య నీటి వివాదం డ్యాము మీదికే పాకి, చివరికి కేంద్ర బలగాలు కాపలాకు దిగాయి. ఎవరు ఏ భాగంలోకి వెళ్లవచ్చన్నదే తేలనప్పుడు స్పిల్‌వే మరమ్మతు కూడా అనుమతుల విషయంగా మారుతుంది.

డ్యాముల విషయంలో చట్టం ముందడుగు వేసింది. 2021 డిసెంబరులో అమల్లోకి వచ్చిన డ్యామ్ భద్రతా చట్టం యజమాని ఎవరో తేల్చి, అతని మీద కచ్చితమైన విధులు పెట్టింది. వర్షాకాలానికి ముందూ తరువాతా తనిఖీ చేయాలి, రికార్డు ఉంచాలి, నిర్వహణకు ప్రత్యేకంగా నిధులు కేటాయించాలి, అత్యవసర ప్రణాళిక తయారుచేయాలి. రేవుల నీటి అడుగు కట్టడాలకు ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. డిజైనుకు ఐఎస్ 4651 వంటి ప్రమాణాలున్నాయి. నిర్వహణ మాత్రం ఒప్పందాలకు, రేవుల సొంత పద్ధతులకు వదిలేసి ఉంది.

ఆ లోటును చట్టం పూడ్చేదాకా ఒప్పందమే పూడ్చాలి. దానికి అయిదు అంశాలు చాలు. ఒకటి, నీటి కింద ఉన్న ప్రతి కట్టడానికీ నంబరు, స్థానం, లోతు, యజమాని పేరు ఉన్న జాబితా. రెండు, ఒకరి పని ఎక్కడ ఆగుతుందో చూపే పటం. మూడు, తనిఖీ గడువులు, తుఫాను తరువాతి ప్రత్యేక తనిఖీ, కొలతల రికార్డు రేవు సంస్థకు చేరాలన్న నియమం. నాలుగు, ఇతర ఖర్చులకు మళ్లించకూడని మరమ్మతు నిధి. అయిదు, గడువు తీరి అప్పగించేటప్పుడు కట్టడం ఏ స్థితిలో ఉండాలో మందం అంకెల్లో, మిగిలిన ఆయుష్షు ఏళ్లలో చెప్పే షరతు.

అయిదోది అన్నింటికన్నా ముఖ్యం. 2000ల్లో కుదిరిన రేవు ఒప్పందాలు వచ్చే దశాబ్దాల్లో గడువు ముగిసి ప్రభుత్వానికి తిరిగి వస్తాయి. మంచి స్థితిలో అప్పగించాలన్న ఒక్క మాట చాలదు. అప్పుడు పైల్స్ గట్టిగా ఉంటే ప్రజలకు వచ్చేది ఆస్తి. తుప్పు తిని ఉంటే వచ్చేది అప్పు. దాన్ని తేల్చేది నేల మీద ఎవరి పేరు ఉందన్నది కాదు, ఏటా అడుగుకు దిగి కొలిచి రాసిన రికార్డు. నేల హక్కు రాజ్యాంగం ఇస్తుంది, కట్టడం హక్కు చట్టం ఇస్తుంది, మరమ్మతు బాధ్యత మాత్రం రాసి, కొలిచి, డబ్బు కేటాయించినప్పుడే నిలుస్తుంది.